పొలానికి మంచి కత్తిని ఎంచుకొనుట

ఎద్దును కొనబోవు రైతు దాని పళ్ళు పట్టి చూచును, సుడులు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. నాగలికి కర్ర కొనునప్పుడు పగుళ్ళు, ముడులు వెదకును. కాని కత్తి కొనునప్పుడు మాత్రము తళతళ చూచి, బొటనవ్రేలితో అంచు తడవి, ధర అడిగి సంచిలో వేసికొని వచ్చును. ఆ కత్తి ఒక పంటకాలము గడువక ముందే మొద్దుబారును. లేదా పిడి వదులగును. లేదా ఒకనాడు పని నడుమ పుటుక్కున విరుగును.

మొద్దుబారిన కత్తిని బలముగా నొక్కవలసి వచ్చును. బలముగా నొక్కిన కత్తి జారినచో ఎదుటి చేతి మీదికే వచ్చును. కోతల రోజులలో చేతికి లోతైన గాయమైనచో ఆ నష్టము ముందు కత్తి ఖరీదు లెక్కలోనిది కాదు. ఇంకొక సంగతి: అర్ధరాత్రి పలుపు మెడకు బిగిసి దూడ కొట్టుకొనుచున్నప్పుడు, తడిసిన నైలాను త్రాటిని రెండు మూడు కోతలలో తెంపగల కత్తి ఇంట నున్నదా లేదా అన్నది దూడ ప్రాణమునకు సంబంధించిన ప్రశ్న. కావున కత్తిని కూడ ఎద్దును చూచినట్లే చూచి కొనవలెను. చూడవలసినవి చాల వరకు కంటికి ఎదురుగా కనబడవు. అవి అంచులోని ఉక్కులోను, పిడి లోపలను దాగియుండును. వాటిని బయటికి రాబట్టు ఉపాయములే ఈ వ్యాసమున చెప్పుచున్నాను.

ఏ కత్తిని గురించి?

వరి కోయు కొడవలి, కంప నరకు మచ్చుకత్తి ఇక్కడి విషయము కాదు. వాటి పని వేరు, తీరు వేరు. పిడిలో కదలక బిగిసియుండి, నిటారుగా నాలుగైదు అంగుళాల అలుగు గల చిన్న కత్తి ఒకటి ప్రతి రైతు మొలలోను, పనిముట్ల పెట్టెలోను ఉండదగినది. త్రాడు కోయుటకు, గోనెసంచి విప్పుటకు, అరటి పిలకలు శుభ్రపరచుటకు, చనిపోయిన గొఱ్ఱె తోలు ఒలుచుటకు, మేకు చెక్కుటకు ఇదే పనికి వచ్చును. మడత కత్తి జేబుకు అనుకూలమే గాని దాని కీలులో మట్టి చేరును, గట్టిగా నొక్కినప్పుడు వ్రేళ్ళ మీదికి మడతపడు ప్రమాదము కలదు. పొలము పనికి మడవని కత్తియే మేలు.

ఈ తీరు కత్తిని పట్టణపు అంగళ్ళలోను, టెలిఫోనులో చూచి తెప్పించుకొను అమ్మకములలోను "వేటకత్తి" అను పేరుతో అమ్ముచున్నారు. పేరు చూచి భ్రమపడవద్దు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట, ఆ చట్టము ప్రత్యేకముగా అనుమతించిన సందర్భములలో తప్ప, అడవి జంతువుల వేట నేరము. అడవిపంది వేరుసెనగ చేనును త్రవ్విపోయినను రైతు తనంత తాను దానిని వేటాడరాదు. అటవీశాఖ వారికి తెలుపవలెను. అయితే వేటగాడి కోసము రూపొందిన ఈ కత్తికి మనకు పనికివచ్చు గుణములు కొన్ని ఉన్నవి: అలుగు పొట్టిది, వెన్ను మందము, పిడి చేతిలో తిరుగదు, తడిచేతితో పట్టినను జారదు. ఆ గుణములను మాత్రము తీసికొందము.

వేటకత్తుల పేరిట అమ్మువానిలో సగము వేషములే. వెన్ను మీద రంపపు పళ్ళు, అలుగు నిండ రంధ్రములు, నల్లని పూత, పిడి లోపల సూదిదారము దాచు గొట్టము మొదలగునవి పడుచువాండ్రను ఆకర్షించుటకే గాని పనికి కాదు. రంపపు పళ్ళు కర్రను కోయవు. తోలు ఒలుచునప్పుడు మాత్రము తోలును చించును. పిడి గొట్టమైనచో దానిలో ఉక్కు లేదని అర్థము. ఇట్టివానిని చేతికి కూడ తీసికొనకుండ ముందుకు సాగవచ్చును.

పొడవు విషయమున ఒక హెచ్చరిక. 1959 నాటి ఆయుధముల చట్టము క్రింది నియమములలో, 9 అంగుళాలకు మించిన పొడవుగాని, 2 అంగుళాలకు మించిన వెడల్పుగాని గల అలుగు ఉన్న కత్తులు ఆయుధముల జాబితాలో చేర్చబడినవి. ఇంటి పనికి, సేద్యమునకు, శాస్త్ర పరిశోధనకు, పరిశ్రమకు ఉద్దేశించి చేసినవానికి మినహాయింపు కలదు. నాలుగైదు అంగుళాల కత్తికి ఈ చిక్కు లేదు. అయినను పనికత్తి పొలములో ఉండవలెనుగాని, తిరునాళ్ళకు, బస్సు ప్రయాణములకు మొలలో దోపుకొని పోకూడదు.

ఉక్కు

ఇనుమునకు కత్తి గుణము నిచ్చునది అందులోని కార్బను. నూటికి 0.25 పాళ్ళకు లోపుగా కార్బను గల ఇనుమును ఎంత ఎర్రగా కాచి నీటిలో ముంచినను తగినంత గట్టిపడదు. ఇల్లు కట్టు కడ్డీలు, కిటికీ చువ్వలు ఈ జాతివి. వీటితో చేసిన కత్తి మొదటి దినమున కూరగాయలు కోయును. వారము దినములకు అంచు ఒరిగిపోవును. కార్బను 0.5 నుంచి 0.6 పాళ్ళు ఉన్నచో దెబ్బకు ఓర్చు ఉక్కు అగును. 0.8 నుంచి 1 పాలు వరకు ఉన్నచో పదును ఎక్కువ కాలము నిలుచును, కాని దెబ్బకు ఓర్పు కొంత తగ్గును. ఆకురాయి చేయు ఉక్కులో 1 పాలుకు పైగా ఉండును. అందుకే అది ఇతర ఇనుమును కోరుకును, క్రింద రాతిమీద పడినచో ఫెళ్ళున విరుగును.

కార్బను ఉండుట ఒకటే చాలదు. ఆ ఉక్కును చెఱ్ఱిపండు ఎరుపు వచ్చువరకు, అనగా సుమారు 800 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచి నూనెలోనో నీటిలోనో ముంచవలెను. అప్పుడది గాజువలె గట్టిపడును, గాజువలెనే పెళుసుబారును. కావున తిరిగి సన్నసెగను కాచి ఆ పెళుసుతనమును కొంత తగ్గించవలెను. రెండవ కాపులో మెరుగుపెట్టిన ఉక్కు మీద రంగులు ప్రాకుట కమ్మరులందరు ఎరుగుదురు. సుమారు 220 డిగ్రీల వద్ద ఎండుగడ్డి రంగు, 260 వద్ద గోధుమ వన్నె, 280 వద్ద వంకాయ రంగు, 300 వద్ద నీలము వచ్చును. చిన్న కత్తికి గడ్డిరంగు దాటి గోధుమ వన్నె వచ్చుచుండగా ఆపవలెను. కంప నరకు కత్తికి వంకాయ రంగు వరకు పోనీయవచ్చును. నీలము వచ్చినచో చిన్న కత్తి అంచుకు కావలసిన గట్టితనము పోయినట్లే.

ఈ రంగుల జ్ఞానము అంగడిలో కూడ ఉపయోగపడును. చాల కత్తులకు కర్మాగారములో సరియైన కాపే ఇత్తురు. కాని పిమ్మట అమ్మువాడు విద్యుత్ సానచక్రము మీద పెట్టి నీరు తగిలింపక పదును తీయును. అంచు సన్ననిది గనుక క్షణములో వేడెక్కును. మొన దగ్గరనో అంచు పొడవునో నీలి మరకగాని, నీలి చారగాని కనబడినచో ఆ భాగములో ఉక్కు చచ్చినట్లే. దానిని ఎంత నూరినను నిలువదు. వెలుతురులోనికి తెచ్చి ముందుగా ఈ నీలి చారను వెదకవలెను.

మన ప్రాంతము ఉక్కుకు క్రొత్తది కాదు. ఇప్పటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రములో మూసలలో కరిగించి చేసిన ఉక్కును పారశీక వర్తకులు కొనిపోయి కత్తులకు వాడిన వైనము, భూగర్భ శాస్త్రజ్ఞుడు వాయిసీ వ్రాసి 1832లో అచ్చైన వర్ణనలో కలదు. ఇంగ్లండులో ఫారడే వంటివాడు కూడ దక్షిణదేశపు ఉక్కును పరీక్షించి దాని గుట్టు తెలిసికొనుటకు శ్రమపడెను. ఆ ఉక్కులో కార్బను నూటికి ఒక పాలుకు మించి ఉండెడిది గనుక, తెలియనివాడు దానిని ఎక్కువ ఎర్రగా కాచి కొట్టినచో సుత్తి క్రింద ముక్కలయ్యెడిది. మేలైన ఉక్కును సైతము కొలిమి వద్ద పాడుచేయవచ్చునని ఇందువలన తెలియుచున్నది.

తుప్పు పట్టని ఉక్కు సంగతి పలువురు అడుగుచుందురు. దీనిని ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణములో హారీ బ్రియర్లీ 1913లో తయారు చేసెను. ఇందులో క్రోమియము నూటికి పదిన్నర పాళ్ళకు తక్కువ కాకుండ ఉండును. అయితే తుప్పుపట్టని ఉక్కులన్నియు ఒక జాతివి కావు. గిన్నెలు, గరిటెలు చేయునది వేరు. దానిని కాచి ముంచినను గట్టిపడదు. కత్తులకు వాడునది వేరు, అది గట్టిపడును. తేడా తెలిసికొనుటకు చిన్న అయస్కాంతము చాలును. గిన్నెల ఉక్కు అయస్కాంతమును పట్టదు, పట్టినను బలహీనముగా పట్టును. కత్తి అలుగు అయస్కాంతమును గట్టిగా పట్టుకొనకున్నచో కొనవద్దు. గట్టిగా పట్టుకొన్నంత మాత్రమున మంచిదని మాత్రము చెప్పలేము, ఏలయన మెత్తని ఇనుము కూడ పట్టును.

తుప్పు పట్టు ఉక్కా, పట్టని ఉక్కా? చెమట, ఉప్పుగాలి, చేపల పని ఎక్కువగా గల కోస్తా రైతులకు రెండవది అనుకూలము. మిగిలినవారికి నా సలహా మామూలు కార్బను ఉక్కే. ఇంటనున్న సానరాయి మీద అది సులభముగా పదునెక్కును; పాడైనచో ఊరి కమ్మరి బాగుచేయగలడు. తుప్పుపట్టని ఉక్కు అతని కొలిమికి లొంగదు.

అంగడిలోను, ఇంటివద్దను చేయదగిన పరీక్షలు

అన్నిటికంటె నమ్మదగినది ఆకురాయి పరీక్ష. సన్నపళ్ళ చిన్న ఆకురాయి నొకదానిని సంతకు పోవునప్పుడు వెంట తీసికొనిపోవలెను. పిడికి దగ్గరగా అంచు మొదట, అనగా పనిలో ఎక్కువ వాడని చోట, ఆకురాయిని తేలికగా ఒక్కసారి నడపవలెను. వెన్నలో గోరు దిగినట్లు దిగి పొడి రాలినచో అది మెత్తని ఇనుము. అద్దము మీద జారినట్లు కొంచెమైనను పట్టక జారినచో అది రెండవ కాపు లేని పెళుసు ఉక్కు. రాతికి తగిలిన దినమున అంచు పెచ్చులూడును. పట్టీపట్టనట్లు పట్టి, చేతికి ఎదురు తెలియుచు, కొద్దిగా మాత్రమే కోరుకొన్నచో అది సరియైన కాపు. అమ్మువాడు అభ్యంతరము చెప్పినచో వెన్ను మీద చేయనిండని అనవచ్చు. వెన్ను మీద పరీక్ష ఫలితము కాదు. కొందరు మంచి కమ్మరులు వెన్నును కావాలనియే మెత్తగా ఉంచి అంచును మాత్రమే గట్టిచేయుదురు. అంచు మీదనే చూడవలెను. ఒప్పుకొననివాని వద్ద కొననక్కరలేదు.

రెండవది వంపు పరీక్ష. మొనను చెక్కబల్ల మీద ఆనించి, పిడి పట్టుకొని, అలుగును ప్రక్కకు కొద్దిగా వంచి వదలవలెను. తిరిగి నిటారుగా వచ్చినచో మేలు. వంగినది వంగినట్లే నిలిచినచో ఉక్కులో పస లేదు. బలము చూపుటకు అతిగా వంచవద్దు. వెన్ను మందముగా నుండు కత్తి ఎక్కువ వంగుటకు ఉద్దేశింపబడలేదు. ముఖము కత్తికి అడ్డముగా పెట్టకూడదు.

మూడవది ఇంటికి తెచ్చిన తరువాత చేయదగినది. పెన్సిలు లావు ఇత్తడి కడ్డీ నొకదానిని బల్లకు బిగించి, నూరిన అంచును వాలుగా దానిపై ఆనించి నొక్కవలెను. వెలుతురుకు పట్టి చూచినచో అంచు కడ్డీ మీద సన్నగా ఉబ్బి వంగుట కనబడును. చేయి తీయగానే ఆ వంపు పోయినచో కాపు సరిగా నున్నది. వంపు నిలిచిపోయినచో అంచు మెత్తన. అక్కడ చిన్న నొక్కు విరిగినచో పెళుసు. ఈ పరీక్ష వలన కత్తికి నష్టము లేదు, తరువాత నాలుగుసార్లు సానరాయి మీద నడిపిన చాలును. అమ్మువానితో ముందుగానే "పరీక్ష చేసి తెత్తును, నిలువకున్న మార్చవలెను" అని మాట తీసికొని కొనుట మంచిది.

పదును పరీక్షను అందరు బొటనవ్రేలితో చేయుదురు. అది అలవాటే గాని అంత మంచిది కాదు. కత్తిని అంచు పైకి వచ్చునట్లు పట్టుకొని సూర్యకాంతికి ఎదురుగా చూడవలెను. పదునైన అంచు కనబడదు. ఎక్కడైన తెల్లని గీతగాని, మెరయు చుక్కగాని కనబడినచో అక్కడ మొద్దుబారినది, లేదా నొక్కుపడినది. తరువాత వార్తాపత్రిక కాగితమును వ్రేలాడదీసి పైనుండి క్రిందికి కోయవలెను. చించక తెగినచో పదును చాలును. ఒక మాట జ్ఞాపకముంచుకొనవలెను: క్రొత్త కత్తి పదునుగా నుండుట దాని గుణమునకు సాక్ష్యము కాదు. రేకు ముక్కను కూడ ఒకసారి కాగితము కోయునట్లు నూరవచ్చును. చూడవలసినది ఇరువది సార్లు గోగునార త్రాటిని కోసిన తరువాత ఆ కాగితమును కోయునా లేదా అన్నది.

మందము కొలిచి చూడవలెను. వెన్ను 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉన్నచో పొలము పనికి తగినది. 2 మిల్లీమీటర్లది వంటింటి కత్తి. 6 మిల్లీమీటర్లది చేతికి బరువు తప్ప లాభము లేదు; అది కోయదు, చీల్చును. వెన్ను నుంచి అంచుకు క్రమముగా సన్నబడవలెను. అంచు దగ్గర మాత్రమే ఒక్కసారిగా చెక్కి వదలినచో ఆ కత్తి కొద్దికాలమునకే లావెక్కిన అంచుతో మిగులును.

వంకరను కూడ చూడుట మరువరాదు. పిడి చివర కంటి దగ్గర పెట్టుకొని, వెన్ను వెంబడి మొన వరకు తుపాకి గురి చూచినట్లు చూచిన తెలియును.

తోక, పిడి

అలుగు మంచిదైనను పిడి వద్ద మోసపోవువారు ఎక్కువ. పిడి లోపలికి దిగు ఉక్కు భాగమును ఇక్కడ తోక అందము. మూడు విధములుగా దీనిని అమర్చుదురు. ఉక్కు పిడి ఆకారమున పూర్తిగా చివరిదాక పోయి, రెండు ప్రక్కల రెండు కర్రచెక్కలు చీలలతో బిగింపబడియుండుట మొదటిది. చెక్కల నడుమ ఉక్కు చుట్టును కనబడును గనుక దాచుటకు వీలులేదు. తోక సన్నగా నుండి పిడి గుండా పోయి వెనుక చివర బయటకు వచ్చి సుత్తితో గుబ్బగా కొట్టబడియుండుట రెండవది. ఇది కూడ మంచిదే. మూడవది రెండంగుళాల మేకు వంటి తోకను లక్కతో పిడిలో దింపుట. లక్క వేడికి మెత్తబడును. ఎండలో వేడెక్కిన ట్రాక్టరు ఇంజను మూతపై కత్తిని పెట్టి మరచినచో పిడి చేతికి, అలుగు నేలకు వచ్చును. కూరగాయల కత్తికి లక్క పరవాలేదు. త్రాడు తెంపు కత్తికి పనికిరాదు.

తోక ఎంత పొడవున్నదో అడిగిన అందరు "చివరిదాక ఉన్నదండి" అనియే చెప్పుదురు. పరీక్ష సులభము. పిడిని వదులుగా రెండు వ్రేళ్ళ నడుమ పట్టుకొని, అలుగును చెక్కతో మెల్లగా తట్టి చెవి యొగ్గవలెను. బిగువైన కత్తి ఒక్క తీరుగా ఖణీమనును. పిడి లోపల వదులున్నచో గిలకవంటి చప్పుడుగాని, బొంగురు ధ్వనిగాని వచ్చును. బరువు కూడ చెప్పును: ఒక వ్రేలి మీద నిలిపినప్పుడు పిడి మొదలు దగ్గర సమముగా నిలిచినచో పిడిలో చాలినంత ఉక్కు ఉన్నది. అలుగు వైపుకే పూర్తిగా మొగ్గినచో తోక పొట్టిదని అనుమానింపవలెను.

పిడి కర్రకు నల్లతుమ్మ మన ప్రాంతమున చాల మంచిది. ఇరుగుడు దొరికినచో ఇంకను మంచిది. ఏ కర్రయైనను బాగుగా ఆరినదై యుండవలెను. పచ్చికర్రతో చేసిన పిడి వేసవిలో కుంచించుకొని చీలల వద్ద పగులును. మామిడికర్ర మెత్తన. ప్లాస్టిక్కు పిడిలో చెడు లేదు గాని నున్నగా నున్నచో తడిచేతిలో జారును. క్రొత్త కర్రపిడికి అవిసెనూనె రెండు మూడు సార్లు పట్టించి ఆరబెట్టినచో నీరు త్రాగదు. ఆముదము ఆరదు, జిడ్డుగా మిగులును గనుక పిడికి పనికిరాదు. అలుగుకు మాత్రము మంచిది.

పిడి పొడవు పిడికిలికంటె వ్రేలెడు ఎక్కువ ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యము, పిడికి అలుగుకు నడుమ వ్రేలు జారకుండ ఒక అడ్డుగాని, క్రిందికి దిగిన మెట్టుగాని ఉండుట. కత్తితో పొడిచినప్పుడు మొన గట్టిదానికి తగిలి ఆగును. చేయి ఆగదు, ముందుకు జారి అంచు మీదికి పోవును. చూపుడువ్రేలి నరము తెగు గాయములు ఇట్లు కలుగునవే. అంగడిలో అరచేతికి కొద్దిగా నూనె రాసికొని పిడిని పట్టి, మొనను కర్రకు ఆనించి నెట్టి చూడవలెను. చేయి ముందుకు కదలినచో ఆ కత్తిని అక్కడనే వదలి రావలెను. చూచువారు నవ్వినను చింతలేదు.

కమ్మరిచేత చేయించుకొనుట

పై గుణములన్నియు గల కత్తి అంగడిలో దొరకకున్నచో ఊరి కమ్మరియే మార్గము. నా అభిప్రాయమున మొదటి మార్గము కూడ అదే. లారీ కమానుపట్టా ఉక్కులో కార్బను సుమారు 0.5 నుంచి 0.6 పాళ్ళు ఉండును, దానితోపాటు సిలికాను, మాంగనీసు కూడ ఉండును. ఇది పొలము కత్తికి తగిన ఉక్కే. కాని పాత పట్టా లక్షలసార్లు వంగి లేచినది. కంటికి కనబడని వెండ్రుక పగుళ్ళు అందులో ఉండవచ్చును. కత్తి తయారైన తరువాత పిడి వేయక ముందే దానిని కిరసనాయిలులో కొంతసేపు నాననిచ్చి, శుభ్రముగా తుడిచి, పైన పలుచగా సుద్దపొడి పూయవలెను. పగులున్నచో దానిలో దూరిన నూనె బయటికి వచ్చి సుద్ద మీద నల్లని గీతగా కనబడును.

కమ్మరికి ముందుగా మూడు మాటలు చెప్పవలెను. ఉక్కును మిరుమిట్లు గొలుపు తెలుపు వచ్చువరకు కాచవద్దని. కమాను ఉక్కును నీటిలో గాక నూనెలో ముంచుమని. ముంచిన పిమ్మట రెండవ కాపు తప్పక ఇమ్మని. పని తొందరలో మూడవదానిని మానివేయువారు గలరు. అట్టి కత్తి ఆకురాయి మీద అద్దమువలె జారును గనుక దొరికిపోవును. ఇంతగా అడిగిన రైతు వద్ద కమ్మరి కూలి నాలుగు రూపాయలు ఎక్కువ అడిగినచో బేరము చేయవద్దు.

వాడుకలో

అంచు కోణమును కొలుచుటకు పరికరము లేదని విచారింపనక్కరలేదు. కాగితపు మూల 90 డిగ్రీలు. ఒకసారి మడిచిన 45. మరల మడిచిన 22½. సానరాయి మీద ఆ మడతను నిలిపి, కత్తిని అంత వాలుగా పట్టి రెండు ప్రక్కల సమముగా నూరినచో పొలము పనికి సరిపోవును. ఒక ప్రక్క నూరునప్పుడు రెండవ ప్రక్క సన్నని ఇనుప పొర లేచి గోటికి తగులును. అంచు పొడవున అంతట అది తగిలిన పిమ్మటనే ప్రక్క మార్చవలెను. రాతిని తడిగా ఉంచవలెను. కార్బను ఉక్కు పచ్చిమామిడి, నిమ్మ కోసినప్పుడు నల్లబడును. అది తుప్పు కాదు, దానిని తోమివేయనక్కరలేదు. ఎర్రని తుప్పును మాత్రము వెంటనే తీసి ఆముదము పూయవలెను. తోలు ఒరలో కత్తిని నెలల తరబడి నిలువ ఉంచరాదు. తోలు చెమ్మ పట్టును.

కత్తి మోయు రోగములు

కత్తి పరీక్షలో నెగ్గినదైనను శుభ్రము లేనిచో తోటకు శత్రువగును. చెరకు కార్శి తోటలను గిడసబార్చు తెగులు ముచ్చెలు నరకు కత్తి ద్వారానే ఒక గడ నుంచి మరొక గడకు ప్రాకును. నిమ్మజాతి తోటలలో ఎక్సోకార్టిస్ అను వ్యాధి కొమ్మలు కత్తిరించు కత్తితో చెట్టునుంచి చెట్టుకు పోవును. రంగపూర్ నిమ్మ వేరుమూలముపై అంటు కట్టిన బత్తాయికి ఇది ముఖ్యముగా హాని. దీని కారకము నిప్పుసెగకు, సారాకు లొంగదు. బట్టల తెలుపునకు వాడు ద్రవరూపపు బ్లీచి ఒక పాలు, నీరు తొమ్మిది పాళ్ళు కలిపి, చెట్టు మారునప్పుడెల్ల కత్తిని అందులో ముంచవలెను. ఈ నీరు ఏరోజుకారోజు కలుపుకొనవలెను. బ్లీచి కార్బను ఉక్కును త్వరగా తుప్పు పట్టించును గనుక పని ముగియగానే మంచినీట కడిగి, తుడిచి, నూనె పూయవలెను. తోట పనికి మాత్రము వేరొక కత్తిని, అదియు తుప్పుపట్టని ఉక్కుదానిని, కేటాయించుకొనుట మేలు.

పశువుల విషయమున ఇంకను గట్టిగా చెప్పవలసి యున్నది. మేత మేయుచున్న పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కునుంచి, మలద్వారమునుంచి గడ్డకట్టని నల్లని నెత్తురు కారుచున్నచో అది దొమ్మ వ్యాధి కావచ్చును. అట్టి కళేబరమునకు కత్తి తగిలించరాదు. తోలు ఒలువరాదు, మాంసము కోయరాదు. కోసినచో ఆ వ్యాధి బీజములు గాలి తగిలి గట్టి పొర కట్టుకొని, ఆ నేలలో ఏండ్ల తరబడి బ్రతికియుండును. కోసినవాని చేతికి కూడ పుండ్లు లేచును. కుక్కలు, కాకులు చేరకుండ కాపుంచి, పశువైద్యునికి కబురు పంపి, ఆయన చెప్పినట్లు లోతుగా పూడ్చిపెట్టవలెను.